నా తెర మీది బొమ్మలు

అచ్చుతప్పులు పట్టడంలో నన్ను మించినవాడు ఇబ్రహీంపట్నంలో లేడని ఒకప్పుడు నాకు పొగరు. ఇప్పుడా మాట తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది. ఇరవై ఏళ్లు ప్రెస్సులో అక్షరాలు కూర్చాను. అది మూతపడ్డాక ఇంటి ముందు గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని పెళ్లి పత్రికలు, దశదినకర్మ కార్డులు, కోర్టు కాగితాలు టైపు చేసి బతుకుతున్నాను. పెళ్లికొడుకు తాత పేరులో ఒక ఒత్తు పోయినా నా కన్ను ఊరుకోదు. అలాంటి కన్ను, నా చేత్తో నేనే ఇంట్లోకి తెచ్చుకున్న దరిద్రాన్ని మాత్రం చూడలేకపోయింది.

ఆ ఏడు బోనాలైన మరుసటి వారం మా పై పోర్షన్‌లో ఒక జంట పాలు పొంగించుకుని కిరాయికి దిగింది. అతను వెల్డింగ్ షాపులో పని చేసేవాడు. ఆమె బీఎడ్ చదివి టీచర్ ఉద్యోగాల పరీక్షకు తయారవుతోంది. ఈ ఒక్కసారికే ఆమె భర్త ఒప్పుకున్నాడు. ఉద్యోగం రాకపోతే పుస్తకాలు మూసేసి ఏదో ఒక కంపెనీలో పనికి పోవాలని ముందే మాట అనుకున్నారట. పుస్తకంలో ఏ పేజీ అడిగినా ఆమె నోటికి చెప్పేది. చిక్కల్లా ఒకటే, పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. ఆమె ఎన్నడూ మౌస్ పట్టుకున్నది కాదు.

ఒకరోజు నా భార్యను వెంటబెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

"బాపు, పొద్దుగాల మీరు కోర్టుకు పోతరు గద. గా రెండు గంటలు జర మౌస్ పట్టుడు నేర్చుకుంట. ఏం ఖరాబ్ చెయ్య" అంది.

సరేనన్నాను. మొదటి రోజు ఆమె కీబోర్డును తాకి కళ్లకద్దుకుంది. బాణం గుర్తును ఒకచోట ఆపడానికే వారం పట్టింది. తర్వాత నెట్‌లో నమూనా పరీక్షలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. మొదట్లో టైము అయిపోయేసరికి సగం ప్రశ్నలు మిగిలిపోయేవి. దసరా వచ్చేసరికి పేపరు మొత్తం రాసి, ఇంకా పది నిమిషాలు మిగిల్చేది. నేను కోర్టు నుంచి తిరిగొచ్చేసరికి కుర్చీ సర్ది, కంప్యూటర్ మీద గుడ్డ కప్పి వెళ్లిపోయేది. ఆమె నా ఇంట్లో నేర్చుకుంటోందని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఇక బొమ్మల సంగతి. తెర కింద కుడి మూలన టింగుమని మోగుతూ చిన్న డబ్బాలు రావడం ఆ జంట దిగకముందే మొదలైంది, ఆ లెక్క అప్పుడు నాకు తట్టలేదు. మీ కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని ఒకటి, మీకు ఫోను బహుమతిగా వచ్చిందని ఇంకొకటి. నెట్ తెరిస్తే నేను పెట్టుకున్న పేజీ కాకుండా ఏదో తెలియని పేజీ వచ్చేది. కంప్యూటర్ అన్నాక ఇవన్నీ మామూలే అనుకుని మూసేసి నా పని చేసుకునేవాణ్ణి. వైరస్ పోగొడతామని ఒక డబ్బాలో కనిపిస్తే దాన్నే నొక్కి, వాళ్లు ఇచ్చిన మందే వేశాను. దాంతో డబ్బాలు రెట్టింపయ్యాయి. ఆ తర్వాత బట్టలు లేని ఆడవాళ్ల బొమ్మలు రావడం మొదలైంది. మీ ఊళ్లోనే ఉన్నాం, రమ్మంటూ కింద రాత.

సిగ్గుతో చచ్చాను. యాభై ఏడేళ్ల మనిషిని, ఈ సంగతి ఎవరికని చెప్పను? నా భార్య అడుగుల చప్పుడు వినబడితే తెర మూలకు అరచెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చూడని బొమ్మలకు చూసినవాడిలా వణికాను. నాకు తెలిసినంతవరకు ఆ బొమ్మలు నాకొక్కడికే కనబడుతున్నాయి.

కార్తీకం పెళ్లిళ్ల పని జోరు మీద ఉంది. మా గల్లీ చివర ఉండే ఒకాయన తన బిడ్డ పెళ్లి పత్రిక చూసుకోవడానికి వచ్చాడు. వెంట భార్య, కాబోయే వియ్యంకుడు ఉన్నారు. ముగ్గురూ నా వెనక నిలబడ్డారు. తెర మీద పైన దేవుడి బొమ్మ, కింద ముహూర్తం. నా భార్య చాయ్ తెచ్చింది. ఒక్కొక్క పేరూ చదివి వినిపిస్తున్నాను. టింగుమంది. ఈసారి మూలన కాదు, తెర మధ్యలో, పెళ్లికూతురి పేరు మీదనే ఒక ఆడమనిషి నగ్నంగా పరుచుకుంది.

"ఏందన్న గిది?" అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

ఆయన భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నా భార్య చాయ్ పళ్లెంతో అలాగే నిలబడిపోయింది. మూసేద్దామంటే మూసే గుర్తు దొరకలేదు. నా నోట్లోంచి ఆ మాట అప్పుడే వచ్చింది.

"నేను గాదు. పొద్దుగాల పై పోర్షన్ల ఆమె కూసుంటది. ఏమేం చూస్తదో నాకేం తెలుసు?"

ఎవరు చూశారని అక్కడ ఎవరూ అడగలేదు. నా పరువు పోతుందన్న భయంతో నేనే అన్నాను. అనగానే గదిలో అందరి మొహాలూ తేలికపడ్డాయి. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఆ లేచొచ్చిన ప్రాణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం.

ఆ మాట గల్లీ మొత్తం తిరగడానికి ఒక పూట చాలింది. మరునాడు పొద్దున ఆమె భర్త కిందికి దిగొచ్చాడు. నేను, నా భార్య వాకిట్లో ఉన్నాం. ఆమె మెట్ల మీదే ఆగిపోయింది.

"బాపు, మా ఇంటామె మీ కంప్యూటర్ల గలీజు బొమ్మలు చూస్తదని కిరాణా దుకాణంల అంటున్నరు. నిజమేనా?" అని అడిగాడు.

కొట్లాటకు రాలేదు అతను. నేను కాదంటే చాలు, నెత్తిన పెట్టుకుని పోయేలా ఉన్నాడు. కాదనడానికి ఒక్క ముక్క చాలు. కానీ నిన్న ముగ్గురి ముందు అన్న మాట ఇవాళ తప్పంటే, మరి చూసింది ఎవరన్న ప్రశ్న నా దగ్గరికే వస్తుంది.

"తమ్మీ, నేనైతే కండ్లతోని చూడలె. కని నేను లేనప్పుడు ఆమెనే కూసుంటది గద" అన్నాను.

ఏళ్ల తరబడి కోర్టు కాగితాలు టైపు చేసినవాణ్ణి. ఒక్క అబద్ధమూ లేకుండా మనిషిని ముంచడం ఎలాగో నాకు బాగా వచ్చు. అతను తల తిప్పి మెట్ల వైపు చూశాడు. ఆమె నన్ను చూసింది, నా భార్యను చూసింది, నోరు విప్పలేదు. తప్పు చేయనిది ఎందుకు ఊరుకుంటుందని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. రెండు రోజులు గడిచేసరికి నా మాటను నేనే నమ్మేశాను కూడా. ఆ వారంలోనే వాళ్లు సామాను ఆటో ట్రాలీలో వేసుకుని బడంగ్‌పేట్ వెళ్లిపోయారు. అప్పటికి ఆమె పరీక్షకు ఇంకా రెండు వారాలుంది.

ఆమె పోయింది కానీ బొమ్మలు పోలేదు. పొద్దునా వచ్చాయి, మధ్యాహ్నమూ వచ్చాయి. పత్రికల పని ముందుకు సాగక ఇక విధిలేక ఒకరోజు ఈ డబ్బాలు పోగొట్టడం నేర్పే వీడియో ఫోన్‌లో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందుగా కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాముల జాబితా తెరిచి, ఏది ఏ రోజు ఎక్కిందో ఆ వరుసలో పెట్టమని వీడియోలో చెప్పారు. పెట్టాను. ఒకే తేదీ మీద నాలుగు పేర్లున్నాయి. అందులో ఒకటి నాకు తెలుసు, అక్షరాలు మార్చే ప్రోగ్రాము. మిగతా మూడూ నేను ఎన్నడూ విననివి. తేదీ చూస్తే బోనాలకు మూడు వారాల ముందుది. అప్పటికి ఆ జంట మా ఇంటి గడప కూడా తొక్కలేదు.

అంతా గుర్తొచ్చింది. జనం పత్రిక మ్యాటరు ఫోన్‌లో పంపిస్తారు. ఆ అక్షరాలు నా పాత ఫాంటులోకి తిన్నగా రావు, మార్చుకోవాలి. మళ్లీ టైపు చేయడానికి బద్ధకించి, ఊరికే వచ్చేది ఏదైనా ఉందేమోనని వెతికాను. దొరికిన పేజీలో నాలుగు పచ్చ బటన్లున్నాయి. పెద్దదాన్ని నొక్కాను. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి డబ్బాలు వచ్చాయి. ఇంకా ఏమేమి ఎక్కించాలో, వాటి పక్కన ముందే టిక్కులు పెట్టి మరీ అడిగారు. ఇంగ్లిషు కదా అని చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అంటూ పోయాను. చివర్లో ప్రకటనలు పంపమంటారా అని అడిగితే 'అలో' అన్న బటను నొక్కి సరేనన్నాను. దొంగలు గోడ దూకి రాలేదు, తలుపు తట్టి నన్ను అడిగి వచ్చారు. పెళ్లి పత్రికలో కామా పోతే అది రాసిచ్చిన పార్టీని తిట్టే మనిషిని, నా ఇంట్లోకి ఎవరు వస్తారో రాసి ఉన్న కాగితం చదవకుండా సంతకం పెట్టాను.

ఆ నాలుగింటినీ తీసేశాను. మందని వేసుకున్నదాన్నీ తీసేశాను. నెట్ తెరిచేదానికి అతుక్కుని ఉన్న చిల్లర సామాను ఊడబీకాను. ప్రకటనలు పంపుకోవచ్చని నేను ఒప్పుకున్న సైట్ల చిట్టా ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది. దాంట్లో ఉన్నవన్నీ కొట్టేశాను. మొదటి పేజీని మళ్లీ పాతదానికి మార్చి, కంప్యూటర్‌లోనే ఉన్న వైరస్ పరీక్ష నడిపి, మిషను ఆపి మళ్లీ ఆన్ చేశాను. తెర శుభ్రంగా వచ్చింది. అంతా కలిపి గంటన్నర పని. ఆ గంటన్నర బద్ధకానికి ఒక ఆడమనిషిని గల్లీలో నిలబెట్టాను.

నా భార్యకు చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపి విన్నది.

"ఇంక పరీచ్చకు నాలుగు రోజులుంది. ఇప్పుడే పోయి చెప్పు. వాల్లాయనకు చెప్పు. గల్లీల గూడ చెప్పు" అంది.

పోలేదు. పత్రికల పని ఉందన్నాను, ఇల్లు ఎక్కడో సరిగా తెలియదన్నాను. తేలు కుట్టిన దొంగలా నాలుగు రోజులూ ఇంట్లో కూర్చున్నాను. ఐదో రోజు పరీక్ష అయిపోయింది. నిజం తెలియక చేసిన తప్పు ఒకటి, తెలిసి చేసిన తప్పు ఇది. రెండోదానికి ఏ పచ్చ బటనూ సాకు కాదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ పాఠం చెబుతాను. ప్రోగ్రాము కావాలంటే దాన్ని తయారుచేసినవాళ్ల సైటు నుంచే తీసుకోండి, ప్రతి డబ్బా చదవండి, పెట్టి ఉన్న టిక్కులు తీసేయండి, వైరస్ ఉందని అరిచే ప్రకటనను నొక్కకుండా పేజీ మూసేయండి అంటాను. మస్తు తెలివిగలవాడివన్నా అంటారు. ఆ తెలివి ఎవరి ఖర్చుతో వచ్చిందో మాత్రం చెప్పను.

మాఘం వచ్చింది. నువ్వు పోకుంటే నేనే పోయి చెప్తానని నా భార్య చెప్పులేసుకుంటే అప్పుడు కదిలాను. అడ్రసు ఆమే కనుక్కుని పెట్టింది. ఆదివారం బస్సెక్కి సాగర్ రోడ్డు మీద దిగి, ఆటో పట్టుకుని బడంగ్‌పేట్‌లో వాళ్ల గది వెతుక్కుంటూ పోయాను. భర్త ఇంట్లోనే ఉన్నాడు. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. కూర్చోమని కుర్చీ వేశాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. పచ్చ బటను, తేదీ, పెళ్లికూతురి తండ్రి ముందు అన్న మాట, ఆ నాలుగు రోజులు, ఏదీ దాచలేదు.

అతను నాకు వేసిన కుర్చీలో తనే కూర్చున్నాడు.

"పరీచ్చకు నేనే పంపలె బాపు. హాల్ టికెట్ చింపేసిన. ఇప్పుడు మందుల కంపెనీల ప్యాకింగ్‌కు పోతుంది" అన్నాడు.

లోపలి నుంచి ఆమె నీళ్ల గ్లాసుతో వచ్చింది. కోపం ఉంటే బాగుండేదని నేను ఆమె మొహంలో వెతికాను. లేదు.

"గా బొమ్మలు నాకు మొదటి రోజే కనవడ్డయి బాపు" అంది. "మీరే చూసుకుంటున్నరేమో అనుకున్న. పెద్దమనిషి, ఇజ్జత్ పోతదని ఎవ్వలకు చెప్పలె. ఈయనకు గూడ చెప్పలె."

"మరి ఆ పొద్దు మెట్ల మీద నిలవడి ఎందుకు చెప్పకపోతివి బిడ్డా? నిన్ను అంటుంటే ఎందుకు ఊకున్నవ్?"

ఆమె గ్లాసు నా చేతికిచ్చింది.

"గప్పుడు అమ్మ మీ పక్కకే ఉండె గద" అంది.