సమ్మె రోజున సిరిసిల్ల రోడ్డు మీద జొన్నరొట్టె

జొన్నరొట్టె విషయంలో నేను కొనుక్కునే రకం. జగిత్యాలలో మా వీధి మలుపులో ఒకామె చేసి అమ్ముతుంది, నేను తెచ్చుకుని తింటాను, ఇందులో నాకు నామోషీ ఏమీ లేదు. అందుకే సిరిసిల్ల నుంచి రాజమణి అక్క ఫోన్ చేసి ఏడ్చినప్పుడు నాకు ముందు ఒళ్లు మండింది. బావ సాంచాల మీద పనిచేస్తాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. అవి సగం రోజులు ఆగిపోతున్నాయి, ఇల్లు గడవడం లేదు. వీధి మొదట్లో రొట్టెల పొయ్యి పెట్టుకుంటానని అక్క అడిగితే వాళ్లత్త నర్సవ్వ ససేమిరా అందట. "రొట్టె ఇంట్ల జేసుకుని తినేది. బజార్ల గూసొని అమ్ముతవా? ఇజ్జత్ పోతది" అని ఒకటే మాట. "నువ్వొచ్చి చెప్పు చెల్లె, నీ మాటైతె ఇంటది" అంది అక్క. సకల జనుల సమ్మె నడుస్తోంది, మా ఆఫీసుకు తాళం పడింది, ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేదు. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.

మామూలుగా అయితే కొండగట్టు, వేములవాడ మీదుగా బస్సులో హాయిగా వెళ్లొచ్చు. ఆ రోజుల్లో బస్సులెక్కడివి? ఆటో అడ్డా దగ్గర డ్రైవరు, "గటు పోతె కొండగట్టు కాడ్నే ఆపుతరక్కా, రాస్తారోకో ఉన్నది. కోరుట్ల మీదికెల్లి పో" అన్నాడు. సీటుకు బస్సు చార్జీకి రెట్టింపు తీసుకున్నాడు, పైగా వెనక నలుగురు కూర్చునే చోట ఏడుగురిని ఇరికించాడు. దారిలో తినడానికి మా వీధిలో కొన్న నాలుగు రొట్టెలు ప్లాస్టిక్ కవర్లో ఒళ్లో పెట్టుకున్నాను.

కోరుట్లలో మా పెద్దమ్మ ఉంటుంది. అక్క కోసం జొన్నపిండి పట్టించి పెట్టిందని తెలిసి ఆ సంచీ తీసుకుందామని ఆగాను. ఆమె నా కవరు విప్పి, ముక్కు విరిచి, "గివేంది బిడ్డ, చెమట వట్టి సచ్చినయ్" అని పక్కన పడేసింది. వద్దన్నా వినకుండా పొయ్యి ముట్టించింది. మసిలే నీళ్లు పోసి పిండి కలిపి, అరచేత్తో తడుతుంటే రొట్టె తనంతట తనే తిరుగుతూ పెద్దదైంది. పెనం మీద వేసి తడిగుడ్డతో పైన ఒకసారి తుడిచి, కాలాక నిప్పుల ముందు నిలబెట్టింది. బుస్సున పొంగింది. ఎల్లిపాయ కారంతో తిన్నాను. నిజం చెప్పాలంటే, ఇన్నాళ్లూ నేను తిన్నదేమిటని దిగులు కూడా వేసింది.

కోరుట్ల నుంచి కథలాపూర్ దాకా ఒక జీపు, అక్కడి నుంచి చందుర్తికి ట్రాలీ ఆటో దొరికాయి. రెండు వైపులా మక్క, పసుపు చేలు కళ్లకు చల్లగా ఉన్నాయి. చందుర్తిలో చాయ్ తాగి మరో ఆటో పట్టుకుని, వేములవాడ దాటి సిరిసిల్ల చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దారి పొడుగునా నర్సవ్వకు చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను.

ఊరి మొదట్లోనే బండి ఆగిపోయింది. రోడ్డంతా పొయ్యిలే! ఆ రోజు వంటావార్పు. తెలంగాణ రావాలని జనం ఇళ్లలో పొయ్యి ముట్టించకుండా నడిరోడ్డు మీదే వండి, అక్కడే పంక్తులుగా కూర్చుని తింటారు. బండ్లన్నీ ఆగుతాయి, ఆగినవాళ్లకూ అన్నం పెడతారు. పిండి సంచీ నెత్తిన పెట్టుకుని అక్క వాళ్ల వీధి ముందుకు నడిచాను. అక్కడ మూడు రాళ్ల పొయ్యి ముందు, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని సాక్షాత్తూ నర్సవ్వే కూర్చుని రొట్టెలు కొడుతోంది!

"అత్తమ్మా, ఇదేంది?" అన్నాను.

"ఏం జెయ్యాలె బిడ్డ? జూసిపోదామని అచ్చిన. గీ పొల్లలు రొట్టెలన్ని ఇరగ్గొట్టి ఆగమాగం జేస్తున్నరు. లెవ్వుండ్రి అని నేనే గూసున్న. పిండి తెచ్చినవా? ఇటు తే."

నేను తెచ్చిన పిండి ఆమె చేతిలో పడింది, కూర్చుకున్న మాటలు నా నోట్లోనే ఉండిపోయాయి. ఊరికే ఉండలేక నేనూ ఒక ముద్ద తీసుకుని తట్టాను. సగంలోనే మూడు ముక్కలైంది. నర్సవ్వ పడీ పడీ నవ్వి, "నీకు రాదు గని నువ్వు తిను" అని వేడి రొట్టె నా చేతిలో పెట్టింది. ఆహా, ఏం రొట్టె! పెద్దమ్మ ఇంట్లో తిన్నదానికి ఏమాత్రం తీసిపోదు.

లారీ ఆగిపోయి దిగిన డ్రైవరొకాయన నా పక్కనే కూర్చుని మూడో రొట్టె అడిగాడు. తిని, మూతి తుడుచుకుని, "అవ్వా, మాది నిర్మల్ దిక్కు. గిసొంటి రొట్టె మా ఇంట్లనే తిన్న. రేపు మల్ల గిటే అస్త. నీ రొట్టె యాడ దొరుకుతది?" అన్నాడు. అక్క పొయ్యిలోకి కట్టె తోస్తున్నదల్లా ఆగిపోయింది. నర్సవ్వ ఇంకో ముద్ద తీసుకుని తట్టసాగింది.

పొద్దు గుంకే వేళకు జనం లేచారు, బండ్లు కదిలాయి. అక్క నీళ్లు చల్లి నిప్పు ఆర్పి, రాళ్లు తీసి పారేయబోయింది.

"రాళ్లు పారెయ్యకు" అంది నర్సవ్వ. "నడి రోడ్ల వద్దు గని గా గోడ పక్కకు పెట్టు. రేపు గాయ్న అస్తనన్నడు గదా."

"మరి ఇజ్జత్ అత్తమ్మా?" అని నేనే అడిగేశాను.

"పొద్దంత బజార్ల గూసుంటి. ఎవ్వలన్న ఒక్క మాటన్నరా? మల్ల మల్ల అడిగి తిన్నరు" అంది చేతులు కడుక్కుంటూ. అక్క రాళ్లు మోస్తూ ఏడుస్తోంది, నవ్వుతోంది.

ఇంట్లో చేసిన రొట్టె గొప్పదా, కొన్నది గొప్పదా అని నన్నిప్పుడు అడిగితే, వేడిది గొప్పది అంటాను. తినేవాళ్ల ముఖం చూస్తూ చేసేవాళ్లుంటే అది ఇల్లయినా రోడ్డయినా ఒకటే. నేను ఇప్పటికీ కొనుక్కునే తింటాను, కాకపోతే మా వీధిలో ఆమె దగ్గర నిలబడి, పెనం మీది నుంచి నేరుగా పళ్లెంలోకి వేయించుకుంటున్నాను.

బస్సులు మళ్లీ తిరుగుతున్నాయి కాబట్టి మీరు సిరిసిల్లకు కొండగట్టు దారినే వెళ్లండి. చీకటి పడకముందే చేరితే గోడ పక్కన అత్తాకోడళ్లిద్దరూ కనిపిస్తారు. కట్టించుకుపోవాలంటే నూలుగుడ్డ వెంట తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవరు చూస్తే నర్సవ్వ తిడుతుంది. డబ్బులిచ్చేటప్పుడు, "మీ ఇంట్ల జేసుకోరా?" అని కూడా అడుగుతుంది, అందరినీ అడుగుతుంది. రాదని చెప్పండి. ఇంకో రొట్టె వేస్తుంది.