ముమ్మో అల్లని మిట్టెన్

సౌజన్య ఎడమచేతి ఊలు మిట్టెన్‌ని ఎలుక ఎత్తుకుపోలేదు. నేనే పొయ్యిలో వేశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, ఆ రోజు పేజీలో "మంచు బాగా పడింది" అని మాత్రమే రాసుకున్నాను.

ఇది చెప్పకపోతే తర్వాత జరిగినదాన్ని నమ్మమని అడిగే హక్కు నాకుండదు. దయ్యాలూ ఆత్మలూ నేనెప్పుడూ నమ్మలేదు. హాస్టల్లో అమ్మాయిలు అలాంటి కథలు చెప్పుకుంటుంటే నేను దుప్పటి కప్పుకుని పుస్తకం చదువుకునేదాన్ని.

మిషిగన్ ఉత్తర కొసన, లేక్ సుపీరియర్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊళ్లో మాస్టర్స్ చేశాను. రెండో ఏడాది నేనూ, నా క్లాస్‌మేట్ సౌజన్యా ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గదులు రెంట్‌కి తీసుకున్నాం. ఆవిడ పేరు ఐలీ. ఎనభై దాటాయి. వాళ్లమ్మ చిన్నప్పుడే ఫిన్లాండ్ నుంచి ఓడలో వచ్చిందట. ఆ చుట్టుపక్కల సగం ఇళ్లు అలా వచ్చినవాళ్లవే. ముమ్మో అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. సౌజన్య మొదటి వారంలోనే ఆవిడని ముమ్మో అనేసింది. నా నోట్లోంచి ఆ పిలుపు రావడానికి రెండు నెలలు పట్టింది.

సౌజన్యది వరంగల్. ఎవరితోనైనా పది నిమిషాల్లో కలిసిపోతుంది. నేను వంటింటి గుమ్మం దాకా వెళ్లి అక్కడే ఆగిపోతాను. చలి మొదలయ్యేసరికి వాళ్లిద్దరూ కిటికీ పక్కన కూర్చుని, గడ్డి పుల్లల్ని సమానంగా కత్తిరించి, దారానికి గుచ్చి, క్రిస్మస్‌కి టేబుల్ పైన వేలాడదీసే అలంకారం చేసేవాళ్లు. నేను మెట్ల మీద పుస్తకం తెరిచిపెట్టుకుని వాళ్ల నవ్వులు వినేదాన్ని. చాలాసార్లు ఒకే పేజీ.

నిజానికి సౌజన్యకి సూది పట్టుకోవడం రాదు. నాకొచ్చు. మాది నరసాపురం దగ్గర. మా నాన్నమ్మ లేసు అల్లేది. ఎనిమిదేళ్లకే నా చేతికి క్రోషియా సూది ఇచ్చింది. ఆ సంగతి ముమ్మోకి నేను చెప్పలేదు. ఆవిడే అడుగుతుందని ఎదురుచూశాను.

క్రిస్మస్ కూడా నాదే అనుకున్నాను. నేను చర్చిలో పెరిగినదాన్ని. సౌజన్యకి అది సెలవురోజు, అంతే. అయినా పండగ ముందురోజు పొద్దున వాళ్లు వండే పాయసంలాంటి జావలో ఒకే ఒక్క బాదంపప్పు వేస్తారు, దొరికినవాళ్లకి ఏడాదంతా మంచిదట. అది కూడా సౌజన్య గిన్నెలోకే వచ్చింది.

ముమ్మో ప్రతి చలికాలం ఇంట్లో ఉన్నవాళ్లకి ఊలుతో మిట్టెన్‌లు అల్లుతుంది. బొటనవేలికి ఒక అర, మిగతా నాలుగు వేళ్లకీ కలిపి ఒక అర ఉంటుంది. గ్రాసరీ కాగితపు సంచిని చించి పరిచి, దానిమీద మన చెయ్యి పెట్టించి, పెన్సిల్‌తో చుట్టూ గీస్తుంది. అదే కొలత. నవంబర్‌లో ఒకరోజు సౌజన్య చెయ్యి గీశాక ముమ్మో నావైపు చూసి, నీకూ కావాలా అని అడిగింది.

వద్దండీ, పర్లేదు, మీకెందుకు శ్రమ అన్నాను.

మా ఇళ్లలో మొదటిసారి వద్దనడం మర్యాద. అవతలివాళ్లు రెండోసారి అడుగుతారు, మూడోసారి చేతిలో పెట్టేస్తారు. ముమ్మో సరేనని తలూపి కాగితం మడిచేసింది.

ఆ తర్వాత వారం రోజులు ఆవిడ ఊలుబుట్ట చుట్టూ తిరిగాను. మళ్లీ అడగలేదు. నీలమూ తెలుపూ కలిసిన సౌజన్య మిట్టెన్‌లు రోజుకో అంగుళం పెరుగుతుంటే, నాకు అన్నం సయించేది కాదు.

ఇంటి వెనక చెక్కతో కట్టిన సౌనా ఉంది. చిన్న గది, పైన రాళ్లు పేర్చిన కట్టెల పొయ్యి. రాళ్లు కాగాక నీళ్లు చల్లితే ఆవిరి కమ్ముకుంటుంది. మెట్లలా ఉన్న బల్లల మీద కూర్చుని చెమట పట్టాక స్నానం చేస్తారు. ప్రతి శనివారం ముమ్మోతో పాటు సౌజన్య కూడా టవల్ చుట్టుకుని వెళ్లేది. ఒకరి ఎదుట స్నానం చేయడం నావల్ల కాదు. అందుకని పొయ్యి వెలిగించే పని నేను తీసుకున్నాను.

పండగ ముందురోజు మధ్యాహ్నం వాళ్లిద్దరూ ముమ్మో వాళ్లమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టడానికి కార్‌లో వెళ్లారు. నువ్వూ వస్తావా అని ఒకసారి అడిగారు. పర్లేదు, వెళ్లి రండి అన్నాను.

పొయ్యి వెలిగించడానికి వెళ్తే, సౌనా ముందుగదిలో, బట్టలు మార్చుకునే చోట, కొయ్యమేకులకి మిట్టెన్‌లు ఆరేసి ఉన్నాయి. సాయంత్రం సౌజన్యకి ఇవ్వడానికి ఉతికి పెట్టింది ముమ్మో. కట్టెలు వేసే పొయ్యి తలుపు ఆ గదిలోకే ఉంటుంది, తెరిచే ఉంది. ఎడమది నా చేతికి దగ్గరగా ఉంది. అంతకుమించి ఆలోచించలేదు. జుట్టు కాలినట్టు వాసన వచ్చింది. పూర్తిగా కాలిపోయేదాకా చూసి, పైన మూడు కట్టెలు వేశాను.

వాళ్లు స్నానం చేసి ముందుగదిలోకి వచ్చాక రెండో మిట్టెన్ కోసం వెతుకులాట మొదలైంది. ఎలుకలకి కూడా చలి ఉంటుంది కదా ముమ్మో అని సౌజన్య నవ్వేసింది. ముమ్మో నవ్వలేదు. పొయ్యివైపు ఒకసారి చూసి, ఇంట్లోకి వెళ్లిపోయింది.

అప్పటికి సాయంత్రం ఆరు దాటలేదు, కానీ అక్కడ డిసెంబర్‌లో ఆ వేళకే చీకటి. వాళ్లు వంటింట్లో ఉండగా, వాళ్ల స్నానాలైపోయాయి కదా అని నేనొక్కదాన్నే సౌనాకి వెళ్లాను. కిటికీలో కొవ్వొత్తి వెలుగుతోంది. పైబల్ల మీద మడతపెట్టిన కొత్త టవల్, పక్కన బకెట్ నిండా మంచినీళ్లు, అందులో గరిటె. నాకోసమే ఉంచారనుకున్నాను. ఎంత సంతోషం వేసిందో! నైటీతోనే కింది బల్ల మీద కూర్చుని, ఎడమచెయ్యి పక్కన బోర్లా పెట్టుకున్నాను.

కాసేపటికి రాళ్లు సుయ్యిమన్నాయి. ఆవిరి మొహానికి కొట్టింది. నేను నీళ్లు చల్లలేదు. కప్పు నుంచి చుక్క పడి ఉంటుందనుకున్నాను. కానీ ఒక్క చుక్కకి అంత ఆవిరి రాదు.

తర్వాత నా మణికట్టు దగ్గర ఏదో తగిలింది. మొద్దుగా, పెన్సిల్ మొనలాగా. అది బొటనవేలి అంచున పైకి వెళ్లింది, దిగింది, నాలుగు వేళ్ల చివర్ల మీదుగా తిరిగి, చిటికెనవేలి పక్కనుంచి మణికట్టు దాకా వచ్చి ఆగింది. తొందర లేదు. చెమటచుక్క అయితే కిందికి జారిపోతుంది, వేళ్ల చుట్టూ తిరిగి రాదు.

నేను అరవలేదు. చెయ్యి కూడా తీయలేదు. ఎందుకు తీయలేదో నాకు తెలుసు. ఆ ఇంట్లో నా చేతి కొలత ఎవరూ తీసుకోలేదు.

వంటింట్లోకి వెళ్లాక నా తడిజుట్టు చూసి సౌజన్య గాభరాపడింది. "అయ్యో, నీకు చెప్పుడు మర్చిపోయిన. పండుగనాడు అందరి స్నానాలైనంక సౌనా చనిపోయినోళ్లకు వదిలేస్తరట. ఆ టవల్ ముమ్మోవాళ్ల అమ్మకు పెట్టింది," అంది. అంటే ఆ టవల్ కూడా నాది కాదు. భయం కంటే ముందు నాకు కలిగింది ఆ బాధే.

శనివారం దాకా సౌనా తెరవలేదు. మధ్యలో రెండుసార్లు మంచు పడింది. పొయ్యి వెలిగించడానికి నేనే మోకాళ్లలోతు మంచులో దారి చేసుకుంటూ వెళ్లాను. నాకంటే ముందు ఎవరూ నడిచిన గుర్తులు లేవు.

కొయ్యమేకుకి ఎడమచేతి మిట్టెన్ వేలాడుతోంది. అదే నీలం, అదే తెలుపు.

దాన్ని లోపలికి తెచ్చి టేబుల్ మీద పెట్టాను. సౌజన్య తొడుక్కోబోతే వేళ్లు పట్టలేదు. "వేడికి ముడుచుకపోయినట్టుంది. నీకైతే పడతదేమో చూడు," అని నావైపు విసిరింది. అతికినట్టు సరిపోయింది.

వేడికి ముడుచుకున్న ఊలు దళసరిగా, నూగునూగుగా అవుతుంది. కుట్లు కలిసిపోతాయి. ఇందులో ప్రతి కుట్టూ విడిగా కనిపిస్తోంది. పైగా ముమ్మో బొటనవేలి చివర గుండ్రంగా ముగిస్తుంది. దీనికి కోసుగా ఉంది. నాన్నమ్మ దగ్గర నేర్చుకున్న నాకు అది వేరేవాళ్ల చేతిపనని వెంటనే తెలిసింది. ముమ్మో దాన్ని లోపలివైపు తిప్పి చాలాసేపు చూసింది. లేచి వెళ్లి, పెట్టె అడుగునుంచి చిమ్మట కొట్టిన పాత మిట్టెన్ ఒకటి తెచ్చి పక్కన పెట్టింది. వాళ్లమ్మ అల్లినదట. దాని బొటనవేలు కూడా కోసుగా ఉంది.

ఆ రెండూ పక్కపక్కన అలాగే ఉన్నాయి. తర్వాత ముమ్మో నాది నాకిచ్చేసి, సౌజన్యకి నాలుగు రోజుల్లో ఇంకో ఎడమది అల్లిపెట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, సౌజన్యకి రెండూ ఉన్నాయి, నాకు ఒక్కటే అని అప్పుడు కూడా కుళ్లుకున్నాను.

ఇప్పుడు అది నా డెస్క్ సొరుగులో ఉంది. ముమ్మోయే రహస్యంగా అల్లిందా అని ఎన్నోసార్లు ఆలోచించాను. అల్లితే ఆ మంచులో అడుగుజాడ పడకుండా ఎలా వెళ్లింది? నా చేతి కొలత ఎక్కడిది? బల్ల మీద నా చేతి చుట్టూ తిరిగింది ఏమిటి? ఆవిడని అడుగుదామంటే, మేం వచ్చేసిన ఏడాదే పోయింది. ఆ ఫోన్ కూడా సౌజన్యకే వచ్చింది.

మే నెలలో ఇల్లు ఖాళీ చేసిన రోజు పొద్దున, ముమ్మో సౌజన్యని చాలాసేపు కావలించుకుంది. సౌజన్య కార్‌లో సామాను సర్దుతుంటే నావైపు తిరిగి, దారిలోకి యాలకుల బ్రెడ్ కట్టివ్వనా అంది. ఆవిడ మాట పూర్తికాకముందే, ఇవ్వండి ముమ్మో అన్నాను. ఆవిడ మొహంలో చిన్న నవ్వు కదిలింది. బ్రెడ్‌ని కాగితంలో చుట్టి, దారం కట్టి, నా ఎడమచేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా అంది:

"మేం ఎవర్నైనా ఒక్కసారే అడుగుతాం. ఈ ఇంట్లో రెండోసారి అడిగేది మా అమ్మ ఒక్కతే."