అచ్చమ్మ మెరక

తెనాలిలో ఇళ్ళు కట్టేచోట తట్టలు మోసిన ఆడవాళ్ళలో అచ్చమ్మంత నోరున్న మనిషి లేదు. నిండు ఇటుకను విరగ్గొడితే తాపీమేస్త్రీని సైతం తిట్టేది. వంగిన మేకుల్ని రాయి మీద సాగగొట్టి కొంగున కట్టుకునేది. ఒక ఆదివారం చర్చిలో మోకరిల్లితే మేకు గుచ్చుకుని, పాస్టరుగారు ‘ఆమేన్’ అనకముందే కేక పెట్టింది.

ఆమె బాధ ఒక్కటే, ఇంట్లోకి నీళ్ళు. ఆమె ఉండే పేట మురుగు కాలువ పక్కన పల్లంలో ఉంది. ఊళ్ళో ఏ గోడ పడగొట్టినా పెళ్ళలన్నీ తెచ్చి ఆ కాలువలోనే దొర్లించేవారు. వానొస్తే అది పొంగేది, అచ్చమ్మ మంచమెక్కేది. ఆమెకంటే ముందు కోళ్ళు ఎక్కేవి. ఊరికి మేడలు, పేటకు మడుగులు. దీన్నే మనం అభివృద్ధి అనుకున్నాం.

రిటైరైన సాంబశివరావు గారు తొంభైమూడులో ఇల్లు మొదలుపెట్టారు, అచ్చమ్మ అక్కడ పనికి కుదిరింది. అప్పట్లో ఊరంతా వాస్తు జ్వరం. బాపట్ల సిద్ధాంతి వచ్చి మెట్లు తప్పన్నాడు, పడగొట్టారు. వంటిల్లు జరపమన్నాడు, జరిపారు. కట్టినా కూలే, కూల్చినా కూలే, అచ్చమ్మకు నష్టం లేదు. కానీ ఆ పెళ్ళలు కాలువకు బయల్దేరేసరికి ట్రాక్టరుకు అడ్డంగా కూర్చుంది.

“లేవే అచ్చమ్మా! డీజిలు మీ అబ్బ పోస్తాడా?” అన్నాడు కాంట్రాక్టరు వరప్రసాదం.

“కాలవలో పోసేది మా సందులో పొయ్యి బాబూ, మెరకవుద్ది. అదే దూరం, అదే డీజిలు.”

అతనికి పోయేదేం లేదు. పోయించాడు. ఈసారి పేట తిరగబడింది. చర్చి సంఘపెద్ద అంద్రెయ ఒక పెళ్ళను కర్రతో పొడిచి చూశాడు.

“వాస్తు దోషమని పారేసినవి మన గుమ్మాల్లోకి తెచ్చావేంటి?”

“నువ్వు సంఘపెద్దవా, సిద్ధాంతివా అన్నా? అంత భయమైతే ప్రార్థన చేసి తొక్కు.”

చేశాడు. చాలా పొడుగ్గా చేశాడు. తర్వాత పేటంతా కీర్తన పాడుతూ దిమ్మిసలతో కొట్టారు.

ట్రాక్టరు లోపలికి రావాలంటే ముందు రోడ్డు వైపు నుంచి పూడ్చాలి. అలా పూడ్చుకుంటూ సందు చివరనున్న అచ్చమ్మ గుడిసె దాకా వచ్చేసరికి పెళ్ళలు అయిపోయాయి. మిగతా కాంట్రాక్టర్లు ఆమె నోటికి జడిసి తమ పెళ్ళల్ని ఊరి అవతలి వైపు తోలుకుపోతున్నారు. సందు మెరకైంది, ఆమె ఇల్లు గుంటైంది. ఇక కాలువ పొంగక్కర్లేదు, సందులో నీళ్ళే చాలు. పైన చూస్తే మబ్బులు. సాంబశివరావు గారి ఇల్లు చూస్తే పూర్తయిపోయింది.

గృహప్రవేశం నాడు, పాలు పొంగే వేళకి వెళ్ళి, ఆయన భార్య భ్రమరాంబ గారిని అడిగేసింది.

“అమ్మగారూ, ఇంకా పడగొట్టేదేమన్నా ఉందాండీ?”

పురోహితుడు మంత్రం మింగేశాడు. సాంబశివరావు గారి మొహం పాలిపోయింది.

“ఎందుకడిగావ్? ఏం కనిపించింది నీకు?”

“ఏం లేదండి. మా ఇల్లు మునుగుద్దండి. మెరకకి పెళ్ళలు కావాలండి.”

“దాస్తున్నావ్. ఏ గోడ చూసి అడిగావు?”

“ఒట్టండి! ఇల్లు బంగారంలా ఉందండి. ఏదీ పడగొట్టకండి.”

“విన్నావా భ్రమరా? పడగొట్టొద్దంటోంది! అంటే పడగొట్టాల్సింది ఉన్నట్టేగా?”

రేపల్లె నుంచి ఇంకో సిద్ధాంతిని పిలిపించారు. అంతదూరం వచ్చి ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదు కదా. తూర్పు ప్రహరీ ఎత్తు ఎక్కువైందన్నాడు.

ఇంకా సరిగా ఆరని ఆ పచ్చిగోడ పడగొడుతున్నంతసేపూ అచ్చమ్మ సిద్ధాంతిని, అయ్యగారిని, తన నోటినీ కలిపి తిట్టింది. నిండు ఇటుకల్ని సున్నితంగా గీకి దొడ్లో పేర్చింది.

“నిండువి మీవండి, ముక్కలు మావండి. మళ్ళీ ఏదో ఒకటి కడతారుగా.”

“ఈసారి ఆయన్నే మొయ్యమంటాలే” అంది భ్రమరాంబ గారు.

ముక్కలు గుడిసెలో పరిచి కొట్టారు. నేల లేచింది. కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. వాన వచ్చి సందు మీదుగా పోయింది, లోపలికి చుక్క రాలేదు. పరామర్శకు వచ్చిన అంద్రెయ తల దూలానికి కొట్టుకుంది.

“ఇదేం ఇల్లమ్మా, నిలబడ్డానికి లేదు!”

“కూర్చో అన్నా” అంది అచ్చమ్మ, “కింద పొడిగా ఉంది.”