పాంబన్ నీళ్లలో మా బావ కొబ్బరికాయలు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను చెప్పే ఏ కొలతనైనా సగానికి కోసుకుని చదవండి. గాలి సంగతైతే మూడో వంతు చాలు. సింగానల్లూరులో మోటార్లకు తీగ చుట్టే చిన్న వర్క్‌షాపు నాది. ఆ మోతలో పక్కవాడి చెవికి చేరాలంటే ఏ మాటనైనా పెంచి చెప్పాల్సిందే. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది.

మా అక్క భర్త, అంటే మా బావ, ఉడుమలైపేట దగ్గర కొబ్బరితోట రైతు. ఆయన తోటకు కాలవ నీళ్లు వంతుల మీద వస్తాయి. తన వంతు రోజున నీరు బెత్తెడు తగ్గిందంటే పైతోటవాడు తూముకున్న షట్టరు దించాడని అనుమానం. ఆ అనుమానపు చూపు తగిలి పైతోటలో రెండు చెట్లు కాపు మానేశాయి. పారే నీళ్లలో కొబ్బరికాయ వేసి, దాని వెంట గట్టు మీద నడిచి, నీళ్లు ఎటు ఎంత వేగంగా పోతున్నాయో తేల్చడం వాళ్ల తాతల నాటి పద్ధతి.

ఆయన కూతురికి మధురైలో మన తెలుగువాళ్ల ఇంటి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి పాంబన్‌లో ఉద్యోగం. నేలకూ రామేశ్వరం దీవికీ నడుమ ఉన్న ఇరుకు జలసంధిలో పడవలకు దారి చూపే పైలట్. ఆని నెలలో, అంటే జూన్ చివర, పిల్లను చూసుకోవడానికి వచ్చినప్పుడు బావ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఆడ నీళ్లు ఏ పక్కకు పారతాయి?"

"దక్షిణం నుంచి ఉత్తరానికండి."

పిల్లకు అబ్బాయి నచ్చాడు. బావకు మాత్రం ఆ ఉద్యోగం మీదే నమ్మకం కుదరలేదు. "రెండు పక్కలా నేల, నడాన నీళ్లు. దారి తప్పేదానికి ఏముండాది ఆడ? దానికొక మనిషా?"

మాట ఖాయం చేసేముందు పిల్ల మేనమామను వెంటబెట్టుకుని, చెప్పకుండా వెళ్లి, అబ్బాయి పనిచేసే చోటు చూసి రావడం మావాళ్ల ఆచారం. కార్తిగైలో, నవంబరు చివర, బయలుదేరాం. తిరుప్పూరు బనియన్ల కంపెనీలో పనిచేసే నా మేనకోడలు దారిలోనే ఫోన్ చేసింది. "మామా, నాయన వద్దంటే నేను ఇంకొకరికి తల ఊపేది లేదు. నువ్వే చూసుకో."

కారు డిక్కీలో మూడు కొబ్బరికాయలు ఉన్నాయి, ఒక్కోటి మా ఇంటి గ్రైండరు రాయంత. రామేశ్వరం దేవుడికి కాబోలనుకున్నాను.

రోడ్డు వంతెన మీద దిగాం. ఆ గాలికి నా మీసంలో ఎడమ సగం కుడి చెంప మీదికి వచ్చేసింది. పక్కనే రైలు వంతెన, దాని నడిమి భాగం పడవల కోసం పైకి లేచి ఉంది. ఆ సందులోంచే దారి. మిగతా చోటంతా నీళ్లలో మునిగిన రాళ్లు, ఇసుక తిప్పలు. ఉత్తరం వైపు యాభై చేపల పడవలు లంగరేసి కాచుకున్నాయి. మొదటి పడవలో మేం చూడొచ్చిన అబ్బాయి కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు.

"చూస్తివా," అన్నాడు బావ, "సుమ్మా, ఊరికే కూసోనుండాడు."

"టీ తాగేదీ పనే కదా బావా."

"నీ వర్క్‌షాపులో."

బావ డిక్కీ తెరిచి ఒక కాయ తీసుకొచ్చి నీళ్లలోకి విసిరాడు. అది మోపెడ్డు వేగంతో వంతెన కిందికి దూరి దక్షిణంగా కొట్టుకుపోయింది. రూఢి చేసుకోవడానికి ఇంకోటి వేశాడు. అదీ అటే పోయింది.

"ఉత్తరం నుంచి దక్షిణానికి. వాడు చెప్పినదానికి తలకిందులు. కల్ల చెప్పినాడు. నీళ్లు పారే దిక్కు తెలియనోడు దారేం చూపిస్తాడు? పా, ఇంటికి పోదాం."

నాకు మేనకోడలి మాట గుర్తొచ్చి రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. అంతలో ఫోన్ మోగింది. అబ్బాయే.

"మామా, పైనుంచి కాయలు ఇసిరేది మీరేనా?"

బావ ఫోన్ లాక్కున్నాడు. "ఆనిలో దక్షిణం నుంచి అంటివే. ఇప్పుడు ఉత్తరం నుంచి వస్తాండాయే."

"ఆనిలో గాలి ఆ పక్క, నీళ్లూ ఆ పక్క. పోయిన నెల ఐప్పసిలో గాలి తిరిగె, నీళ్లూ తిరిగె. ఏ నెలలో అని మీరు అడగలేదండి."

"తిరిగేదానికి షట్టరు ఎవురి చేతిలో ఉండాది?"

"గాలి చేతిలో."

ముప్పై ఏళ్లుగా ప్రతి షట్టరు వెనకా ఒక దొంగను చూసిన మనిషికి, అనుమానించడానికి ఎవరూ లేని నీళ్లు ఎదురవడం అదే మొదలు. అయినా వదల్లేదు.

"మరి నువ్వు ఎందుకు కూసోనుండావు?"

"ఈ వేగంలో నీళ్లు వెనకనుంచి తోస్తే పడవ చుక్కాని మాట వినదండి, పోయి స్తంభానికి కొడతాది. కొంచేపటికి గాలి తగ్గుతాది. కాయ ఉంటే అరగంట ఆగి ఇంకోటి వేయండి. నాకూ తెలుస్తాది."

ఆ అరగంటలో బావ గడియారాన్ని కూడా అనుమానించాడు. తర్వాత మూడో కాయ వేశాడు. అది పెళ్లి భోజనం చేసినవాడిలా మెల్లగా కదిలింది. కింద అబ్బాయి దాన్ని చూసి, టీ గ్లాసు పక్కన పెట్టి, చుక్కాని పట్టాడు. లంగర్లు లేచాయి. అతని పడవ వెంట తక్కినవి, సూది వెంట దారంలా, ఆ సందులోకి దూరాయి. నాలుగో పడవ వెనక భాగం స్తంభం వైపు తిరిగింది. అబ్బాయి వెనక్కి చూసి చెయ్యి ఊపుతూ కేక వేశాడు. బావ కూడా రెయిలింగు పట్టుకుని ఎదురు పక్కకు వంగాడు. ఆయన వంగబట్టే అది తప్పుకుందని నా నమ్మకం.

తిరుగు దారిలో మానామదురైలో ఆగాం. అక్కడ టీ కొట్టు దగ్గర బావ, "మళ్లా ఏ నెలలో తిరుగుతాయో వాణ్ని అడుగు. వచ్చి చూసి చెప్తా," అన్నాడు. అంతే. అవునన్లేదు, కాదన్లేదు.

నేను గ్లాసు పట్టుకుని పక్కకు వెళ్లి మేనకోడలికి ఫోన్ చేశాను. "మీ నాయన సరేనన్నాడు," అన్నాను.

మేం ఇల్లు చేరేలోపు ఆ మాట మా అక్కకు, అక్క నుంచి మధురైకి పాకింది. గడపలోనే అక్క మా ఇద్దరి నోట్లో చక్కెర పోసింది. బావ నావైపు చూశాడు, షట్టరు వైపు చూసినట్టు. పక్కన నిలబడ్డ కూతురి మొహమూ చూశాడు. నోట్లో చక్కెర మింగాడు.

సంక్రాంతి దాటాక, తైలో పెళ్లయింది. పైన రాసినవన్నీ నేను పెంచినవే, ఉన్నవాటినే పెంచాను. లేనిదాన్ని పుట్టించింది మాత్రం ఒక్కటే, ఆ టీ కొట్టు దగ్గర ఫోన్‌లో చెప్పిన 'సరేనన్నాడు' అన్న మాట. బావకు అనుమానం ఉంది. ఇంతవరకు నన్ను అడగలేదు.