మొదటి స్థానం ఖాళీ

గల్ఫ్‌లో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో మేమంతా కలిసి ఉండే విల్లాలో మూల గది సువార్తరావు అంకుల్‌ది. ఊరు పాలకొల్లు, పని స్టోర్ కీపరు, పిచ్చేమో డిస్కో రికార్డులు.

డిస్కో రోజుల్లో అమెరికాలో విడి రికార్డుగా అమ్మకానికి రాని పాటకు వారం వారం వెలువడే పాప్ జాబితాలో చోటుండేది కాదట, క్లబ్బుల్లో జనం ఎంత ఊగిపోయినా సరే. అలాంటి పాటల కోసం ఆయన, ఇక్కడ ఆరాధన జరిగే ప్రతి శుక్రవారం, చర్చి నుంచి రాగానే సొంత జాబితా రాసి ఫ్రిజ్‌కు అంటిస్తాడు. దానికీ ఒక రూలుంది. ఇంకో మనిషి పక్కన కూర్చుని పూర్తిగా వింటేనే పాట అందులోకి ఎక్కుతుంది. పక్కన కూర్చుని వినే రూమ్మేట్ జెర్రీ ఇండియా వెళ్ళిపోయాక రెండేళ్ళుగా ఆ కాగితం మీద అంకెలే ఉన్నాయి, పాటల్లేవు.

"నువ్వే రాసుకో అంకుల్, అడిగేటోడెవడు?" అన్నాను.

"నేనొక్కణ్ణే వింటే అది జాబితా ఎలా అవుద్దిరా?"

నిన్న శుక్రవారం, జాలేసి పక్కన కూర్చున్నాను. ఎనిమిది నిమిషాల పాట. ఆయన పాట వినలేదు, నా మొహమే చూశాడు. ఆరో నిమిషంలో కంపెనీ వ్యాన్ హారన్ కొట్టింది. లేచిపోయాను.

డ్యూటీ నుంచి వచ్చి చూస్తే ఒకటో అంకె పక్కన ఖాళీయే.

"సగం వింటే లెక్కలోకి రాదురా. మళ్ళీ మొదట్నించీ విందువుగాని, కూర్చో," అని కుర్చీ జరిపాడు.

"వచ్చే శుక్రవారం," అన్నాను.

ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు.