బావ దాచిన పలక

మీరు ఒంటి బరువంతా మోపి నిలబడే కర్ర ఏ చెట్టుదో మీకు తెలుసా? తెలియదు. ఎవరూ అడగరు, ఆ పూచీ వడ్రంగి నెత్తిన పెట్టి ఊరుకుంటారు.

ఈ వడ్రంగికి ఆ పూచీ మోసి మోసి విసుగు పుట్టింది. నడుము పట్టేసింది. ఒకప్పుడు చిత్రిక పొట్టు వాసన చూసి చెక్క పేరు చెప్పినవాడే. పాలిష్ ఘాటుకు మొద్దుబారిన ఆ ముక్కు ఇప్పుడు తుమ్మడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదు.

ఆ స్థితిలో ఉన్నవాడి కొట్టుకు అక్క ఒక పలకను మోయించుకుని వచ్చింది. మోకాలి ఆపరేషన్ తరువాత చంకకర్ర లేనిదే ఆమెకు అడుగు పడదు. అంగట్లో కొన్న అల్యూమినియం కర్రకు చంక ఒరుసుకుపోతోందని దానిని పడని ఆడపడుచును చూసినట్టు చూస్తోంది. పలక, చనిపోయిన బావ దాచినది. దానితోనే కర్ర చేయాలని ఆమె పట్టు. అది టేకని ఆయన చెప్పేవాడట. బావ కంటికి ప్రతి చెక్కా టేకేనన్న సంగతి తమ్ముడికి గుర్తుంది.

చిత్రిక పట్టాడు, తడిపాడు, గోటితో నొక్కాడు, అరచేతుల మీద ఎత్తి చూశాడు. టేకుకుండే నూనెజిడ్డు వేలికి తగలలేదు. టేకు కాదన్నంతవరకే తేలింది. చెక్క గుట్టు అడ్డకోతలో ఉంటుంది. సూదిబెజ్జాలు, వలయాలు అక్కడే బయటపడతాయి. పగుళ్లు రాకుండా బావ రెండు కొసలకూ దట్టంగా రంగు పూసి ఉంచాడు. చూడాలంటే కొస కోయాలి. పలక నిడివేమో అక్క చంక ఎత్తుకు సరిగ్గా సరిపోయేంతే.

కోయడానికి వీల్లేదంది అక్క. తెలియకపోతే తెలియదని చెప్పమంది, తెలిసినవాడి దగ్గరికి పోతానంది.

"పో. వాడూ రంపమే తీస్తాడు."

"రెండు వేళ్లు తగ్గితే జన్మంతా వంగి నడవాలిరా. మీ బావ పోయాక ఇప్పటికే సగం వంగాను."

"నడుస్తుండగా విరిగితే ఆ సగం కూడా మిగలదక్కా."

ఆమె పలక కొసను వేళ్లతో కొలిచి చూసుకుంది. చివరికి, "కొంచెమే కొయ్యి," అంది.

కోసి, పదునైన ఉలితో ముఖం నునుపు చేసి, భూతద్దం పెట్టి చూశాడు. అటువంటి బెజ్జాల వరుస అతను ఎన్నడూ ఎరగడు. కోసిన ముక్కను అగ్గిపుల్లల్లా చీల్చి ఒక్కొక్కటే వంచాడు. గట్టి చెక్కయితే వంగి, పీచు లేచి, ఆపైన విరుగుతుంది. ఇవి బిస్కట్ల మాదిరి టక్కున తునిగాయి.

"ఏం చెక్కరా?" అంది అక్క.

అతనికి ఓపిక లేదు. పాలిష్ పట్టించి టేకేనంటే ఆమె సంతోషంగా ఇంటికి పోతుంది. అతను వెళ్లి పడుకోవచ్చు.

"పేరు తెలియదక్కా. నిన్ను మోయదని మాత్రం తెలుసు."

ఆమె మొహం తిప్పుకుంది. బావ దాచింది తన బరువు ఆపదా అని గొణిగింది. అతను రంపం పక్కన పెట్టి చెప్పేశాడు: బావ పలక ఆమె గదిలో గోడకు సామాన్లు పెట్టుకునే అరగా ఉంటుంది; ఆమెను మోసేది తాను పేరు చెప్పగలిగిన చెక్కే; అది దొరికేదాకా ఆ అల్యూమినియం కర్రనే భరించాలి.