బుల్లెమ్మ కోసం వచ్చిన పెద్దాయన

దయ్యాల కబుర్లు మొదలైతే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు శ్మశానం గట్టు మీదుగానే పొలానికి వెళ్ళేదాన్ని, ఏనాడూ భయం తెలీలేదు. తర్వాత డెంటల్ చదివాను. మనిషి పుర్రెని ఒళ్ళో పెట్టుకుని పరీక్షలకు తయారయ్యాను. కాబట్టి ఇది నమ్మకం కొద్దీ రాస్తున్నది కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో భయపడాల్సిందానికంటే నేను తల దించుకోవాల్సిందే ఎక్కువ.

ఏడేళ్ళ కిందటి మాట. మొదటిసారి నీట్ రాస్తే డెంటల్ సీటుకి కూడా సరిపోయే ర్యాంకు రాలేదు. మా నాన్న ఏమీ అనకుండా విజయనగరంలో లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్పించాడు. కోటకి దగ్గర్లో, రిటైరైన వయొలిన్ టీచరు ఒకావిడ ఇంట్లో మేడ మీద గది. ఆవిణ్ణి టీచరమ్మగారు అనేవాళ్ళం. ఒంటరి మనిషి. కింద వసారాలో కూర్చుని పిల్లలకి పాఠాలు చెప్పేది.

ఆ గదిలో నాతో పాటు ఉండేది కళ్యాణి. కళింగపట్నం పిల్ల. వాళ్ళ నాన్నకి పడవ ఉంది. ఫోను ఉంటే చదువు సాగదని తన ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చింది. ఏదైనా అవసరమైతే వాళ్ళ నాన్న నా ఫోనుకే చేసేవాడు.

కళ్యాణికి పైకి చదివితే తప్ప ఎక్కదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ బయాలజీ వాక్యాలు ఒక్కటీ వదలకుండా అప్పజెప్పుకునేది. ఆ గొంతు వీధి చివరికి వినిపించేది. నాకు ఫిజిక్స్ అంటే చేతులు చల్లబడేవి. మా సార్ చెప్పింది సగమే అర్థమయ్యేది. మిగతా సగం కళ్యాణి చెప్పేది. "ఫార్ములా కోసం ఎతక్కే. ముందు అక్కడ ఏటవుతన్నాదో సూడు," అనేది. ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేది కాదు.

నాకు ఎంబీబీఎస్ రాదని తెలిసి డెంటల్ అనుకున్నదాన్ని. కళ్యాణి మాత్రం మొదట్నుంచీ డెంటలే కావాలంది. వాళ్ళ తాతకి నోట్లో ఒక్క పన్ను లేదు. రెండేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. ఇంట్లో అందరూ చేపలు తింటుంటే ఆయన పులుసు కలిపిన మెతుకులు చప్పరించేవాడట. "తాతకి కట్టుడుపళ్ళు నానే పెడతాను, అప్పటిదాకా ఆగమన్నాను," అని చెప్పి నవ్వేది.

పరీక్ష మూడు వారాలు ఉందనగా బుధవారం గ్రాండ్ టెస్ట్ పెట్టారు. అందులో వచ్చిన మార్కుల్ని బట్టి ముప్ఫై మందిని వేరే బ్యాచ్ చేసి చివరి రోజులు ప్రత్యేకంగా చదివిస్తామన్నారు. కళ్యాణి ఎలాగూ ఉంటుంది. నేను ఉండాలంటే ఫిజిక్స్ గట్టెక్కాలి.

సోమవారం పొద్దున కళ్యాణి స్నానానికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న ఫోను చేశాడు.

"తాతకి ఒంట్లో బాగోనేదమ్మా. దాన్ని ఒకసారి సూడాలంతన్నాడు. మధ్యాన్నం బస్సుకి పంపించు."

"సరే బాబాయ్, చెప్తాను," అన్నాను.

చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాను. తను తల తుడుచుకుంటూ వచ్చి, "రా, నిన్నటి లెక్కలు పూర్తి సేద్దాం," అని పక్కన కూర్చుంది. పుస్తకం తీశాను. ముసలాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది, రెండు రోజులాగి టెస్ట్ అయ్యాక చెబితే కళ్యాణికే మంచిది అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. తనకి మంచిదని కాదు. తను వెళ్ళిపోతే నాకు ఫిజిక్స్ చెప్పేవాళ్ళు లేరు. అప్పుడు కూడా నాకు ఆ సంగతి తెలుసు.

సాయంత్రం ఆయన మళ్ళీ చేశాడు. నేను మెట్ల మీదకి వచ్చి మాట్లాడాను. "సార్ సెలవు ఇవ్వలేదు బాబాయ్. టెస్ట్ అయ్యాక పంపిస్తామన్నారు," అన్నాను. "సార్‌తో ఓసారి నాను మాట్టాడతాను, నెంబరు ఇవ్వమ్మా," అన్నాడు. సిగ్నల్ సరిగా లేదన్నట్టు నటించి పెట్టేశాను. తర్వాత ఫోను స్విచ్చాఫ్ చేసి నా బట్టల అడుగున పెట్టాను.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి, రేపటికి పెన్నులు కొనుక్కుందామని కిందికి దిగాను. ఎండ మండిపోతోంది. టీచరమ్మగారు వసారాలో వయొలిన్ తీగ మారుస్తోంది. గేటు అవతల ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. నల్లటి మనిషి, పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. పైకి కట్టిన లుంగీ, తెల్ల బనీను, భుజాన తువ్వాలు. కాళ్ళకి చెప్పుల్లేవు.

"బుల్లెమ్మ ఉన్నాదా అమ్మా?" అన్నాడు.

ఆ పేరుగల వాళ్ళు ఎవరూ లేరన్నాను. ఆయన మేడ వైపు చూసి నవ్వాడు. పళ్ళన్నీ ఉన్నాయి. పైవరసలో ఎడమ కోరపన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది.

పైన కళ్యాణి చదువుతోంది. ఆ గొంతు మా ఇద్దరి మీదుగా వీధిలోకి పోతోంది.

"అదే గదా, సదువుతన్నాది. కళింగపట్నం నించి వచ్చినాను, ఓసారి పిలమ్మా."

కళ్యాణి కోసం ఇంటి నుంచి ఎవరో మనిషిని పంపారనుకున్నాను. తాత అన్న ఆలోచనే రాలేదు. ఆయనకి పళ్ళు లేవని, మంచం దిగలేడని కళ్యాణి ఎన్నిసార్లో చెప్పింది కదా.

"కళ్యాణి లేదు తాతా. లైబ్రరీకి వెళ్ళింది. అది వేరే అమ్మాయి గొంతు," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. కోపం లేదు. అబద్ధమని తెలిసినట్టు కూడా లేదు. గేటు మీద చెయ్యి వేసి కాసేపు అలా నిలబడి విన్నాడు. కళ్యాణి ఒక వాక్యం దగ్గర తడబడి మళ్ళీ మొదట్నుంచి అందుకుంది. ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఉన్నాడు.

"సరే అమ్మా. సదువుకోనీ," అని తువ్వాలు భుజం మార్చుకుని కోట వైపు నడిచాడు.

నేను పెన్నులు కొనడానికి వెళ్ళలేదు. పైకి వెళ్ళి కళ్యాణి పక్కన కూర్చుని లెక్కలు చేశాను. ఎవరో వచ్చారని కూడా అనలేదు.

నాలుగున్నరకి టీచరమ్మగారు మేడెక్కి వచ్చింది. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో ఎప్పుడూ పైకి రాదు. కళ్యాణిని పక్కన కూర్చోబెట్టుకుని, తాతగారు పోయారని చెప్పింది. ఉదయం పదకొండు గంటలకట. అప్పట్నుంచీ నా ఫోనుకి చేసి చేసి, ఎప్పుడో గదిలో దింపినప్పుడు రాసుకున్న టీచరమ్మగారి నెంబరు వెతికి పట్టుకుని చేశాడట వాళ్ళ నాన్న.

కళ్యాణి ఏడవలేదు. "నిన్ననైనా ఫోన్ సేసుంటే ఎళ్ళేదాన్ని గదా," అంది. నేను బట్టలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

తనతో పాటు నేనూ వెళ్ళాను. టీచరమ్మగారు వెళ్ళమంది కాబట్టి వెళ్ళాను. మేము కళింగపట్నం చేరేసరికి బాగా చీకటి పడింది. మనవరాలి కోసం శవాన్ని ఎత్తకుండా ఉంచారు. మంచం మీద ఎముకల గూడులా ఉన్న మనిషిని చూశాను. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. నేను చూసినాయన కాదనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

తలాపున గోడకి ఒక పాత ఫోటో ఉంది. పడవకి ఆనుకుని నవ్వుతున్న మనిషి. ఎడమ కోరపన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది.

కళ్యాణి మంచం పక్కన కూలబడి, "తాతా, బుల్లెమ్మని వచ్చినాను, సూడు," అంది. ఆ పేరుతో ఆయనొక్కడే పిలిచేవాడని వాళ్ళమ్మ ఎవరికో చెబుతుంటే విన్నాను. బయటికి వెళ్ళి ఇసకలో కూర్చున్నాను.

మర్నాడు పొద్దున నేను తిరుగు బస్సెక్కుతుంటే వాళ్ళ నాన్న దగ్గరికొచ్చాడు.

"రెండుసార్లు సేసినాను గదమ్మా," అన్నాడు.

బస్సు మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీశాను.

"దానికి సెప్పకు. పరీచ్చయ్యేదాకా ఒక్క గదిలో ఉండాల మీరు. దాని మనసిరిగిపోద్ది," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ బుధవారం గ్రాండ్ టెస్ట్ నేనూ రాయలేకపోయాను. గదికి వచ్చాక టీచరమ్మగారిని అడిగాను, నిన్న గేటు దగ్గరికి వచ్చినాయన మీకు తెలుసా అని. "ఎవరొచ్చారమ్మా? నువ్వు గేటు పట్టుకుని మాట్లాడుతుంటే ఫోననుకున్నాను," అంది. ఆవిడ కూర్చున్న చోటికి గేటు పది అడుగులు. నా ఫోను అప్పటికి బట్టల అడుగున ఉంది.

కళ్యాణి పన్నెండు రోజుల తర్వాత వచ్చింది. పుస్తకం పట్టుకునేది కానీ పైకి చదవడం మానేసింది. ఆ ఏడు నాకు చివరి కౌన్సెలింగ్‌లో డెంటల్ సీటు వచ్చింది. తనకి రాలేదు. మరో ఏడు రాయనని నర్సింగ్‌లో చేరిపోయింది. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. నేనూ ఆ ఊళ్ళోనే ఒక క్లినిక్‌లో ఉన్నాను.

కిందటేడు వేసవిలో జ్ఞానదంతం నొప్పితో నా దగ్గరికే వచ్చింది. ఎక్స్‌రే చూస్తూ కబుర్లాడుకుంటుంటే తాత మాట వచ్చింది. ఇన్నాళ్ళకి ఆ పెద్దాయన గేటు దగ్గరికి వచ్చిన సంగతి చెప్పాను. తన గొంతు విన్నాడని, సదువుకోనీ అని వెళ్ళిపోయాడని చెప్పాను. కళ్యాణి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"నా గొంతు యిన్నాడన్నమాట," అంది. తర్వాత, "మరి నువ్వు నన్నెందుకు పిలవనేదే?" అని అడిగింది.

"నోరు తెరు," అని మత్తు ఇంజెక్షన్ తీసుకున్నాను.

పన్ను తీసి కుట్లు వేయడానికి ముప్పావుగంట పట్టింది. దూది ఉండ పెట్టి, గంటసేపు గట్టిగా కరిచి పట్టుకోమని, మాట్లాడొద్దని చెప్పాను. అప్పుడు చెప్పాను అన్నీ. రెండు ఫోన్లు, సార్ మీద చెప్పిన అబద్ధం, స్విచ్చాఫ్, లైబ్రరీ. తను జవాబు చెప్పలేని సమయం చూసుకుని చెప్పాను. అదీ నేనే.

కళ్యాణి కుర్చీలో అలాగే పడుకుని పైకప్పు చూస్తూ ఉంది. చాలాసేపటికి లేచి, దూది ఉండని తొట్టిలోకి ఉమ్మేసింది. నెత్తురు కారుతూనే ఉంది.

"నాన్నకి తెలుసా?" అంది.

తెలీదని చెప్పి ఉండాల్సింది. ఆయన నాకోసం కాదు, కళ్యాణి కోసమే ఇన్నేళ్ళు దాచిన మాట అది. "తెలుసు," అన్నాను.

చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

కుట్లు విప్పించుకోవడానికి ఏడో రోజున రమ్మని చీటీలో రాశాను. ఆ రోజు క్లినిక్ మూసేదాకా కూర్చున్నాను. రాలేదు. వేరే చోట విప్పించుకుని ఉంటుంది.

ఆ గేటు దగ్గర నిలబడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు. తప్పు చేసిన భయంతో నా మనసే ఆయన్ని తయారు చేసుకుందంటే కాదనలేను. కానీ ఆ ఫోటో నేను అంతకుముందు చూడలేదు. బుల్లెమ్మ అన్న పేరు కళ్యాణి నోట నేను వినలేదు. చాలాసార్లు లెక్క వేసుకున్నాను, తేలలేదు. ఆ రోజు మేడ వైపు ఒక్క కేక వేసి ఉంటే కళ్యాణి కిందికి వచ్చేది. అప్పుడు గేటు అవతల తనకి ఎవరు కనిపించేవారో, అసలు కనిపించేవారో లేదో, ఇక ఎవరూ చెప్పలేరు.